పుర్రచేతి మాండొలిన్

మధిరలో బస్సెక్కింది మొదలు వైరాలో బస్సు మారేవరకు దాన్ని ఒళ్లోంచి దించలేదు. పాత దుప్పట్లో చుట్టి ఉంది. పక్క సీటావిడ చాలాసేపు ఓపిక పట్టి చివరికి అడిగేసింది.

"పసిపిల్లనా అక్కా? చప్పుడే లేదు."

"మాండొలిన్. ఇంటికి పోయినంక ఏడుస్తది," అన్నాను.

నాది పుట్టుకతోనే పుర్రచేతి వాటం. కుడిచేత్తో తినడం అమ్మ నేర్పింది, కుడిచేత్తో రాయడం బడిలో బెత్తం నేర్పింది. మాండొలిన్ దగ్గర మాత్రం ఎవరి మాటా వినలేదు. అన్నయ్య విసుగొచ్చి మూలకు పడేసినదాన్ని తిరగేసి పట్టుకుని ఎడమచేత్తో మీటాను. అట్లా తిరగేస్తే సన్న తీగలు పైకి, లావు తీగలు కిందికి వస్తాయి. ఆ తలకిందుల వరసలోనే నా వేళ్లకు పాటలన్నీ వచ్చాయి. పెళ్లయి ఏన్కూరు వచ్చాక ఆడవాళ్ల భజనలో అట్లాగే వాయిస్తూ వచ్చాను. ఆమధ్య దాని మెడ విరిగింది. మధిరలో ఒక వడ్రంగి చేత్తో మాండొలిన్లు చేస్తాడని విని, పుర్రచేతికి ఒకటి కావాలని చెప్పి వచ్చాను.

"మీరన్నట్టే ఎడంచేతికి చేశానమ్మా. ఓసారి వాయించి చూసుకోండి," అన్నాడు ఆయన ఇవాళ, చేతిలో పెడుతూ. మొదటి మోత పరాయివాళ్ల ముందు మోగించబుద్ధి కాలేదు. పొట్టంతా పనస చెక్క, పసుపు రంగు, వార్నిష్ వాసన ఇంకా పోలేదు. వేలితో నిమిరి, మురిసిపోయి, చుట్టుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి కాళ్లయినా కడుక్కోలేదు. తలుపు వేసి, పైనుంచి కిందికి ఒక్క లాగు లాగాను. ఘుమ్మని లావుగా మొదలై సన్నగా ముగిసింది. ఆ అదురు డొక్కలోకి పాకింది. ఒళ్లు ఝల్లుమంది. పట్టలేని సంతోషంతో శనివారం భజనలో మొదట పాడే పాట ఎత్తుకున్నాను. పాట రాలేదు. వేలు పెట్టిన ప్రతిచోటా ఇంకేదో స్వరం పలికింది.

సత్తుపల్లి బొగ్గు గనిలో డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మా ఆయన లేచి వచ్చాడు. "ఏందది? గట్ల మోగుతుందేంది?"

అప్పటికి నాకు అర్థమైంది. వడ్రంగి తప్పు చేయలేదు. ఎడమచేతివాళ్లకు ఎట్లా ఉండాలో అట్లాగే, లావు తీగలు పైన పెట్టి చేశాడు. తలకిందులు నేను. తిరగేసి వాయిస్తానని ఆయనకు చెప్పాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

"దానికేముందమ్మా," అన్నాడు వడ్రంగి, ఫోన్ చేసి సంగతి చెప్తే. "తీగలు అటువి ఇటు మార్చి, వాటిని మోసే చెక్క, గుర్రం అంటాం, అదొకటి కొత్తది చెక్కిపెడతాను. రేపు బస్సులో పంపండి, శనివారానికి మీ చేతిలో ఉంటుంది." ప్రాణం లేచొచ్చింది. కొత్తది వస్తుందని నేనే ఊరంతా చాటుకున్నాను మరి. భజనకు రానివాళ్లు కూడా వినడానికి వస్తామన్నారు.

చుట్టేముందు ఊరికే ఇంకోసారి లాగాను. మళ్లీ అదే ఘుమ్. నా పాతది ఒక్కనాడూ అట్లా పలకలేదు. కిందికి ఎప్పుడు లాగినా ముందు సన్నగా కీచుమనేది. దుప్పటి పక్కకు తోసి కూర్చున్నాను. కత్తెరకు చెయ్యి మార్చుకున్నాను, కలానికి మార్చుకున్నాను, విస్తరి ముందు మార్చుకున్నాను. నా చేతికని ఒక మనిషి కూర్చుని చెక్కిన వస్తువు ఇదొక్కటే. దాన్ని కూడా మార్పించడానికి తయారైనందుకు నామీద నాకే ఒళ్లు మండింది.

"పంపుతలేనండీ. అట్లనే ఉండనీయండి," అని మళ్లీ ఫోన్ చేశాను.

"మరి శనివారం?" అన్నాడు మా ఆయన.

"శనివారం వరకు నేర్చుకుంట."

నేర్చుకోలేదు. వేళ్లు ఒక చోటికి పొమ్మంటే ఇంకో చోటికి పోయాయి. శనివారం సాయంత్రం మా భజనలో ముందు పాడే పెద్దమ్మ ఎప్పటిలా తాళాలు గణగణలాడిస్తూ జోరుగా అందుకుంది. రెండో చరణం దాకా కూడా పోలేదు, నేను దారి తప్పాను. పాట ఆగింది. అందరూ నావైపే చూశారు.

"ఏందే, ఎన్నడు తప్పనిదానివి. చెయ్యి బాగలేదా?" అంది పెద్దమ్మ.

మొహం వేడెక్కింది. దాంతోపాటే నవ్వు కూడా వచ్చింది. "చెయ్యి మంచిగనే ఉంది పెద్దమ్మా. గిప్పుడే నేర్చుకుంటున్న. జర నిదానంగ ఎత్తుకో."

ఆమె తాళాలు ఒళ్లో పెట్టుకుని నా వేళ్ల వంక కాసేపు చూసింది. తర్వాత చప్పట్లతో, ఒక్కో మాట విడదీస్తూ, పాట మొదటినుంచి ఎత్తుకుంది. మిగతావాళ్లూ అంత మెల్లగానే అందుకున్నారు. ఆ సాయంత్రం మా భజనలో అయింది ఆ ఒక్క పాటే.