బావ లాప్‌టాప్‌కి కొత్త ప్రాసెసర్

మా అక్క భర్తకి కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్ ఉండేది. టెక్కలిలో నా ఇంజనీరింగ్ అయిపోగానే ఆఫీసులో కంప్యూటర్ లెక్కల పని నాకే ఇస్తానన్నాడు. తీరా నేను వెళ్లిన రోజున, పప్పు ఏరే ఆడవాళ్లంతా వింటుండగా, "నాలుగేళ్లు సదివి ఏటి నేర్సుకున్నావు మావా? నీకు జీడిపిక్కల లెక్క ఏటి తెలుస్తాది? పూండి నుంచి ఒకడ్ని పెట్టేసుకున్నాన్లే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏడాది తిరక్కుండా బావే లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పొద్దున్న బాగానే నడుస్తుందట, కాసేపటికి నత్తలా అయిపోతుందట. అమ్మిన షాపువాడు ప్రాసెసర్ మార్చమన్నాడట.

"మారిస్తే పనవుద్దా, అవదా? ఇంజనీరువి కదా, సెప్పు."

ప్రాసెసర్ మార్చడం దండగో కాదో తేల్చడానికి నాకు మూడు ప్రశ్నలు చాలు. ప్రాసెసర్ ఊడదీయగలిగే పాత మోడలే; కొత్తది ఆ సాకెట్లో పడుతుందా? పడుతుంది. చేసే పనికి అంత వేగం కావాలా? అక్కర్లేదు, బావ చేసేది బస్తాల లెక్కలూ బిల్లులూ. పుట్టిన వేడి బయటికి పోతోందా? అడుగున చెయ్యి పెడితే పెనంలా ఉంది. గాలి వచ్చే సందు దగ్గర జీడి తొక్కలు కాలిన వాసన. వాళ్ల ఆఫీసు జీడి తొక్కలు మండించే బట్టీ పక్కనే. తొక్కల పొగలో నూనె జిడ్డు ఉంటుంది. అది లోపల పేరుకుంటే గాలి ఆడదు. వేడెక్కిన ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. శుభ్రం చేస్తే సరిపోతుంది. ఇంకా వేగమైనది పెడితే ఇంకా వేడి.

ఇదంతా చెప్పబోయాను. అంతలో బావ మా అమ్మవైపు తిరిగి, "సూసేవా అత్తా, ఈడికీ తెలీదు" అన్నాడు.

"సాకెట్టు ఒకటే బావా. కొత్తది పడతాది," అన్నాను. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

విశాఖపట్నం నుంచి తెప్పించాడు. నేనే బిగించాను. ఫ్యాన్ పక్కన వేడి బయటికి పోయే రేకుల మధ్య జిడ్డుమసి తడిసిన దూదిలా కూరుకుపోయి ఉంది. చూశాను, ముట్టుకోలేదు. వేడిని లాగడానికి ప్రాసెసర్ మీద రాయాల్సిన పేస్టు మాత్రం పలచగా, సమంగా రాశాను. బిగింపులో నాకు వంక పెట్టడానికి వీల్లేకుండా.

పిక్కల సీజను మొదలవగానే, పెద్ద వ్యాపారి ఎదురుగా కూర్చుని ఉండగా, బిల్లు మధ్యలో లాప్‌టాప్ ఆరిపోయిందట. మళ్లీ వేస్తే మళ్లీ ఆరిపోయిందట. సాయంత్రానికి బావ మా గుమ్మంలో ఉన్నాడు. విప్పి, మసి ముద్దని పుల్లతో తీసి కాగితం మీద పెట్టాను.

"ఇది ముందే తెలుసేటి నీకు?"

"తెలుసు."

"మరి సెప్పలేదేటి?"

"సెప్పబోతే ఈడికీ తెలీదన్నావు కదా."

బావ మొహం కందగడ్డ అయింది. కాగితాన్ని పక్కకి నెట్టి, "పూండి వోడు మానేశాడు మావా. రేపట్నుంచి నువ్వే వచ్చీ," అన్నాడు. బావ ఇలా అడిగే రోజు కోసమే ఏడాదంతా కాచుకున్నాను.

"ఆలోసించి సెప్తాను బావా."

లారీల నుంచి బస్తాలు దిగుతున్నన్నాళ్లూ అతను ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అక్కుపల్లి వైపు జీడితోటల్లో చివరి పిక్క ఏరి సీజను ముగిసేదాకా నేను ఆలోచిస్తూనే ఉన్నాను.