వేలాడేసిన చెయ్యి

అబిడ్స్‌లో మా స్కానింగ్ సెంటర్‌కి భోజనం వేళకి వచ్చే పేషెంట్లంటే నాకు ఒళ్ళు మంట. ఆ రోజు అలా వచ్చినావిడ నాంపల్లి కోర్టు ఎదురుగా ఒక జిరాక్సు షాపులో అఫిడవిట్లు టైపు చేస్తుంది. కుడి అరచేతిలో వాపట, నొప్పట. ఓర్చుకోలేక పాత చీర పీలికతో చెయ్యి బిగించి కట్టుకుని వచ్చింది. కట్టు విప్పిస్తే అక్కడ వాపూ లేదు, ఏమీ లేదు.

"జర ఆగున్రి మేడం, చెయ్యి కిందికి ఏలాడేస్తే లేస్తది," అంది.

నేను ఆగలేదు. స్కాన్ ఎలా చెయ్యాలో పేషెంటు నాకు చెప్పడమేమిటి? చెయ్యి దిండు మీద పెట్టించి, అల్ట్రాసౌండ్ ప్రోబ్ గట్టిగా అదిమి, రెండు నిమిషాల్లో తేల్చేసి నార్మల్ అని సంతకం పెట్టాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పైగా, పని ఎగ్గొట్టాలనుకుంటే ముందు చేతులే నొప్పెడతాయని రిసెప్షన్ అమ్మాయితో నవ్వాను. ఆవిడ ఇంకా తలుపు దగ్గరే ఉంది.

ఏడాది తర్వాత సర్జన్ రాసిచ్చిన చీటీతో మళ్ళీ వచ్చింది. నా పాత రిపోర్టు కూడా పాలిథిన్ కవర్లో భద్రంగా తెచ్చింది. అది చూసే షాపు యజమాని నాటకాలాడుతున్నావంటూ పనిలోంచి తీసేశాడట. నాటకం కాదని కాయితం తెస్తే, చెయ్యి బాగయ్యాక తీసుకుంటానన్నాడట.

ఈసారి చెయ్యి వేలాడేయమని నేనే అడిగాను. అరచెయ్యి మెల్లగా ఉబ్బింది. ప్రోబ్‌ని ఆనీ ఆనకుండా పెడితే తెర మీద సిరల ముద్ద, అందులో నిదానంగా నిండుతున్న రక్తం, మధ్యమధ్య గట్టిపడిన చిన్న రాళ్ళు. ఇది పుట్టుకతో వచ్చే లోపం. ఆ రాళ్ళు కట్టడానికి ఏళ్ళు పడుతుంది. అంటే ఆ రోజు కూడా అన్నీ నా ప్రోబ్ కిందే ఉన్నాయి. కట్టు పిండగా మిగిలిన రక్తాన్ని నేను అదిమి పక్కకి నెట్టేశాను సరే, రాళ్ళయినా కనపడాల్సింది. నేను చూడలేదు. ఇది పుట్టుకతోనే ఉన్నదని ఆవిడకి చెప్పాను.

"అప్పుడు గూడ ఉండె అని రాస్తరా మేడం?"

రాస్తానన్నాను. తీరా కంప్యూటర్ ముందు కూర్చున్నాక భయం పట్టుకుంది. గత పరీక్షలో కనిపించని సిరల లోపం ఇప్పుడు కనిపిస్తున్నదని రాశాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఆవిడ రిపోర్టు తీసుకుని, బయట బెంచీ మీద కూర్చుని గబగబా చదివేసింది. ఇంగ్లీషు కాయితాలు ఆవిడకి కొత్త కాదు. చదివి లోపలికి వచ్చింది.

"గిసుంటి మాటలు నేను దినాం టైపు జేస్తుంటి మేడం," అంది నెమ్మదిగా. "తప్పు జేసినోళ్ళు రాయించుకునేటియి."

రిపోర్టుని ఎడమ చేత్తో కవర్లో దోపుకుని వెళ్ళింది. కంప్యూటర్లో ఫైలు ఇంకా తెరిచే ఉంది, ఆ వాక్యం మార్చడానికి నిమిషం చాలు. ఆవిడ మెట్లు దిగిపోయేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.