లోపలి గడియ

మా తోటికోడలు చదువుకున్న మనిషి. నేనైతే మూడో క్లాసులోనే పలక అటకెక్కించాను గానీ, తను పదకొండేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పింది. ఆ బడి మూసేశాక పెద్ద పరీక్షల సంస్థలో చేరింది. లక్షల మంది పిల్లలు రాసిన జవాబులు అక్కడికే వస్తాయి. హాలు నిండా కంప్యూటర్లు. తెర మీద పిల్లల రాత కనబడుతుంది, చదివి సున్నా నుంచి నాలుగు దాకా మార్కు నొక్కాలి. మూడు నెలలు మచ్చ లేకుండా చేస్తే పర్మినెంటు. మా మరిదికి పని పోయి ఇంట్లోనే ఉన్నాడప్పుడు. ఇంటిల్లిపాదీ కళ్లూ ఆ ఉద్యోగం మీదే.

చేరిన నెలకే మనిషి సగమైపోయింది.

"ఏమే, అక్కడ తిననివ్వట్లేదా?" అన్నాను.

"దొంగ పేపర్లక్కా," అంది.

సంగతేంటంటే, పైవాళ్లు ముందే మార్కేసి పెట్టుకున్న పేపర్లు కొన్ని మామూలు వాటిలో కలిపేస్తారట. అదేదో మనకి తెలీదు. మన మార్కు వాళ్లదానితో కలవకపోతే తప్పు కింద రాసుకుంటారు. మూడు తప్పులైతే ఇంటికే. తనకి రెండయిపోయాయి. ఇంకా రెండు నెలలు గడవాలి.

ఇక చూడాలి దాని అవస్థ! కూరెలా ఉందే అని నేనడిగితే, కళ్లు మూసుకుని ఆలోచించి ఆలోచించి "రెండు" అంది.

"నీ మొహానికి రెండు!" అన్నాను. మా మరిది పొలమారేలా నవ్వాడు. తను నవ్వలేదు.

ఓ రోజు వచ్చిన ప్రశ్న, మీ ఇంట్లో నీకిష్టమైన గది ఏది, ఎందుకు అని. ఓ పిల్ల నాలుగే ముక్కలు రాసింది. "నాకు బాత్రూం ఇష్టం. ఆ గదికే లోపల గడియ ఉంది. చెల్లిని కూడా తీసుకెళ్తాను. మామయ్య వెళ్లిపోయాక తీస్తాను."

పేపర్లలో మాట బయట చెప్పకూడదని తను సంతకం పెట్టింది. నేను పెట్టలేదుగా!

ఇది దొంగ పేపరే అనుకుంది మా తోటికోడలు. జాలిపడి ఎక్కువేస్తామేమోనని చూస్తున్నారు అనుకుని, మనసు రాయి చేసుకుని రెండు నొక్కి పంపేసింది. తర్వాత ఎవరో వంటిల్లన్నారు, ఎవరో మేడ మీద గదన్నారు. తన చెవుల్లో మాత్రం గడియ చప్పుడే. అలా పన్నెండు పేపర్లు దాటాక, అది నిజంగానే ఏ పిల్లో రాసిందేమో అని తట్టింది. వెనక్కెళ్దామంటే కంప్యూటరు పది పేపర్ల దాకానే వెళ్లనిస్తుంది.

పిల్లలెవరైనా ఆపదలో ఉన్నట్టు రాస్తే ఎర్ర బొత్తాం నొక్కాలని మొదటిరోజే చెప్పారు. నొక్కకుండా పంపితే అదీ తప్పే. అంటే ఇప్పుడు చెయ్యెత్తితే మూడోది. ఊరుకుంటే ఎవరికీ తెలీదు.

ఎత్తింది.

సూపర్‌వైజరు వచ్చాడు. మనిషిని చూడకముందే వాచీ చూసుకుంటాడని వెనకాల టైంసారు అంటారు. "ఏంటమ్మా?"

"ఓ పేపరు పంపేశాను సార్. పంపకూడదు."

"నంబరెంత?"

"చూళ్లేదు సార్. బాత్రూం గడియ గురించి రాసింది."

"చూసినప్పుడే ఎర్ర బొత్తాం నొక్కలేదేం?"

"దొంగ పేపరనుకున్నాను సార్."

ఆయన తన కంప్యూటరులో వెతికి చదివాడు. మళ్లీ చదివాడు. వాచీ చూసుకోలేదట.

"ఇలాంటివి మేం కలపమమ్మా," అంటూ ఫోనందుకున్నాడు. "ఆ పిల్ల బడి నుంచి ఇంటికెళ్లేలోపే బడివాళ్లకి చెప్పాలి, త్వరగా," అని అవతలివాళ్లతో అంటుంటే విందట.

ఫోను పెట్టేసి, "మీకిది మూడోది," అన్నాడు.

"తెలుసు సార్."

పట్టపగలే ఇంటికొచ్చేసింది. మా మరిది నోరు తెరవబోతే కళ్లతోనే నొక్కేశాను.

"ఆ పిల్ల ఏమైందే?"

"మాకు చెప్పరక్కా."

వారమైంది. ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడుతుంది. మళ్లీ పనికి పిలుస్తున్నారేమో అని మా మరిది ఆశ. దాని బెంగ అది కాదు. నిన్న బియ్యం ఏరుతూ ఏరుతూ చెయ్యాపేసింది.

"పన్నెండు పేపర్లు ఆలస్యం చేశానక్కా. పైగా, అంత కారణం చెప్పిన పిల్లకి రెండే వేశాను."