పచ్చగోర్ల సాహితి

ఆ రోజుల్లో మా మోర్తాడ్ వైపు ఆడపిల్లకు ఫోను కొనిచ్చేవారు గానీ, అందులో తన మొహం పెట్టుకోనిచ్చేవారు కాదు. బాపు (నాన్న) పోయాక మా ఇంట్లో అన్న మాటే చివరి మాట. నన్ను నిజామాబాద్‌లో డిగ్రీలో చేర్పించిన రోజు బస్సు ఎక్కిస్తూ చెప్పాడు. "ఫేస్‌బుక్ గీస్‌బుక్ అని నాకు తెల్సిందనుకో, గదే దినం కాలేజ్ బంద్. ఇంట్ల కూసుంటవ్." అన్నంత పనీ చేసే మనిషి. అందుకే నేను ఎంతో తెలివిగా (అప్పట్లో అలాగే అనుకున్నాను) నా పేరూ మొహమూ లేకుండా అకౌంటు తెరిచాను. పేరు సాహితి, ఊరు హైదరాబాద్, కొలువు సాఫ్ట్‌వేర్. కాలేజీ పక్క బేకరీలో కాఫీ కప్పు పట్టుకున్న చేతిని ఫోటో తీసి, "ఆఫీసు అలసటకు ఇదే మందు" అని రాసి పెట్టాను. చెయ్యి ఒక్కటే కదా, ఎవరు గుర్తుపడతారు?

సాయంత్రం బస్సులో చూస్తే కింద ఒక కామెంటు. "గోర్లు గంత పచ్చగున్నయ్, పసుపు ఉడకవెట్టిండ్రా? ఏ ఊరు చెల్లె?"

వారం రోజులుగా పొద్దున పసుపు కొమ్ములు ఏరి కాలేజీకి పోతున్నాను. ఎంత తోమినా గోర్లు వదలని ఆ రంగు మాకు అలవాటై కంటికి ఆనదు. హైటెక్ సిటీలో అలాంటి గోర్లు ఎవరికుంటాయి? అడిగినవాడు మావైపు వాడే. అన్న చెవిన వేస్తే నా చదువు అయిపోయినట్టే. వాడెవడో చూద్దామని ప్రొఫైలు తెరిచాను. సింహం బొమ్మ, ముంబై కింగ్ అనే పేరు. కిందే "మై న్యూ కార్" అంటూ స్టీరింగ్ మీద చెయ్యి. ఆ గోర్లు నావాటికన్నా పచ్చగా ఉన్నాయి. బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది. పసుపు ఉడకబెట్టే కడాయి మూత పడి కమిలిన ఆ వేలికి కట్టు కట్టింది నేనే.

ఇంటికి ఎలా చేరానో తెలియదు. రాత్రి అందరం తినడానికి కూర్చున్నాం.

"చెయ్యి సూపియ్," అన్నాడు అన్న.

చాపాను. కన్నెత్తే ధైర్యం లేక అతని బొటనవేలినే చూస్తూ ఉండిపోయాను. నేను ఎటు చూస్తున్నానో అతనికి అర్థమైంది. చటుక్కున కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచేత్తో రొట్టె అందుకున్నాడు.

"ఏందిరా, ఎడమశేత్తోని తింటున్నవ్? మతి గిట్ల పోయిందా?" అంది అవ్వ (మా దగ్గర అమ్మను అవ్వ అంటాం).

అన్న లేచి వెళ్లి నిమ్మకాయ కోసుకొచ్చి, ఒక చెక్క నా పళ్లెం పక్కన పెట్టాడు.

"గోర్లకు రుద్దుకో. పొద్దుగాల కాలేజ్‌కు పోవాలె గద."

రెండో చెక్క తన జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు నిజామాబాద్‌లో బడిపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నా పేరుతో, నా మొహంతోనే ఫోటోలు పెడతాను. గోర్లు తెల్లబడి ఏళ్లయింది. పసుపు తీసే రోజులు వస్తే వాటిని చూసి కాస్త బెంగగా ఉంటుంది. ఆ సాయంత్రం గురించి నేనూ అన్నా ఇంతవరకు ఒక్క మాట అనుకోలేదు. కానీ నేను ఏ ఫోటో పెట్టినా మొదటి లైకు ఆ సింహానిదే. ఎవరీయన అని మా ఆయన అడిగితే, ముంబైలో ఎవరో పెద్దమనిషి అని చెబుతాను.