లిన్ స్కేట్లకు నేను చేసిన మేలు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఇందులో ఒక పదకొండేళ్ల పిల్ల భవిష్యత్తు మీద నేను గ్రైండర్ పెడతాను. పగపట్టి కాదు, తాగి అంతకన్నా కాదు. శుభ్రంగా చేతులు కడుక్కుని, మనసు నిండా ప్రేమతో పెడతాను. మీకు నవ్వొస్తే నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఖతార్ వచ్చిన కొత్తలో ఆరేళ్లు ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుప సామాను చేసే ఒక షాపులో గ్రైండర్ పట్టాను. అక్కడ మేం నేర్చిన చదువు ఒక్కటే. ఇనుము మీద చేతికి తగిలే ముల్లు కనబడితే డిస్క్ పెట్టి నున్నగా చెయ్యాలి. ఒక్కటి మిగిలినా సరుకు వాపసు వచ్చేది, ఫోర్‌మన్ తనకు వచ్చిన భాషలన్నిట్లో తిట్టేవాడు. ఆరేళ్లలో నా చెయ్యి ఎంత చెడిపోయిందంటే, అన్నం తినేముందు ప్లేటు అంచు కూడా తడిమి చూసేవాణ్ని.

ఆ షాపు మూతపడ్డాక దోహాలో ఒక మాల్‌లో ఉన్న ఐస్ రింక్‌లో డ్యూటీ దొరికింది. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల మంచుగడ్డ. నేను స్వెట్టర్ పట్టుకుని కంపెనీ బస్సు ఎక్కుతుంటే బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో మా రూమువాళ్లు నాకు జ్వరమనుకునేవాళ్లు. గల్ఫంతా దుబాయే అనుకునే మా ఆవిడైతే ఫోన్‌లో, "దుబాయ్‌ల మంచేందయ్యా? నిజం చెప్పు, నౌకరి పోయిందా?" అని వారం రోజులు ఏడ్చింది. నా పనల్లా అద్దె స్కేట్లు ఇవ్వడం, తీసుకోవడం, వాటి బ్లేడ్లకు మెషిన్ మీద పదును పెట్టడం. ఆ అద్దె స్కేట్ల బ్లేడ్లు ముందు వైపు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. లోకంలో ఉన్న బ్లేడ్లన్నీ అలాగే ఉంటాయనీ, ఉండాలనీ నేను తీర్మానించేసుకున్నాను.

రోజూ స్కూలయ్యాక లిన్ వచ్చేది. చైనా పిల్ల. వాళ్ల నాన్న ఇక్కడ ఇంజనీరు. అమ్మ చిన్నప్పుడు తనూ స్కేటింగ్ చేసిందట, కూతురికి తనే నేర్పేది. లిన్‌కు మా రింక్‌లో అందరి భాషా తలా కాస్త అంటుకుంది. నాతో సగం హిందీ, సగం ఇంగ్లీషు, మధ్యలో ఒక అరబ్బీ 'యల్లా'. నన్ను గంగా అంకుల్ అనేది. నా కూతురిదీ అదే వయసు. అందుకే కాబోలు, ఆ పిల్ల మంచు మీద ఉన్నంతసేపూ నా చూపు స్కేట్ల మీద నిలిచేది కాదు.

ఆ పిల్ల పడేది. ఎలా పడేదని! ముందుకు పోతూ పోతూ ఎవరో కాలు పట్టి లాగినట్టు బోర్లా పడేది. లేచేది, మళ్లీ పడేది. మోకాళ్లు కమిలిపోయేవి. వాళ్లమ్మ మొహంలో రవ్వంత కదలిక ఉండేది కాదు. ఇవతల కౌంటర్ వెనక నేనే 'అయ్యో' అనేవాణ్ని.

"ఎందుకు బిడ్డా గింత కష్టం?" అని అడిగానొకరోజు, నాకొచ్చిన హిందీలో.

"శుక్రవారం ఇక్కడే పోటీ ఉంది అంకుల్. నా మొదటి పోటీ. అమ్మ దాని వీడియో చైనాలో ఒక శిక్షణ బడికి పంపిస్తుంది. వాళ్లకు నచ్చితే నన్ను తీసుకుంటారు. నచ్చకపోతే అంతే."

బుధవారం నాడు వాళ్లమ్మ లిన్ స్కేట్లు తెచ్చి నా కౌంటర్ మీద పెట్టింది. ఎప్పుడూ ఎవరి చేతికీ ఇవ్వని మనిషి. వేళ్లతో చిటికెడంత చూపించి, "కొంచెం పదును. చాలా కొంచెం," అంది. మా సూపర్‌వైజర్ సత్యనారాయణ గారు, కాకినాడ ఆయన, మీటింగ్‌లో ఉన్నారు. ఆయన ఉండి ఉంటే ఈ జ్ఞాపకమే ఉండేది కాదు.

పదును బాగా పెట్టాను. అక్కడితో ఆపి టీ తాగడానికి పోయే అవకాశం దేవుడు నాకిచ్చాడు. పోలేదు. అలవాటుగా అంచు మీద వేలు పోనిచ్చాను. కొసకు వచ్చేసరికి చురుక్కుమంది. చూస్తే బ్లేడు ముందు రంపంలా పళ్లు! ఒకటి కాదు, ఒక వరస. రెండో దానికీ అంతే.

నా బుర్రలో లైటు వెలిగింది. ఆ వెలుగులో నాకు అన్నీ కనిపించాయి, నా మూర్ఖత్వం తప్ప. పిల్ల బోర్లా ఎందుకు పడుతోంది? ఈ పళ్లు మంచులో దిగబడి పడేస్తున్నాయి! ఇన్నాళ్లూ కన్నతల్లికి కూడా ఈ సంగతి తోచలేదే అని జాలిపడ్డాను. వెంటనే పని మొదలుపెట్టాను. పది నిమిషాల్లో ఆ పళ్లు ఉన్న ఆనవాలు కూడా లేదు. పైగా పాలిష్ పెట్టాను. మొహం చూసుకోవచ్చు.

లిన్ స్కేట్లు వేసుకుని మంచు మీదికి వెళ్లింది. వేగం పుంజుకుంది, వెనక్కి తిరిగింది, ఎగరడానికి ఒక కాలి కొస మంచులో గుచ్చింది. గుచ్చడానికేముంది అక్కడ? కాలు జర్రున జారి, పిల్ల రింక్ ఈ కొస నుంచి ఆ కొస దాకా వెల్లకిలా వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ బోర్లా పడేది, ఇప్పుడు వెల్లకిలా పడింది. మార్పు మొదలైందనుకున్నాను.

"షాబాష్ బిడ్డా! ఇంకోసారి!" అని అరిచాను కూడా.

ఇంకోసారి కూడా అంతే. లిన్ కూర్చుని కాలు ఎత్తి చూసుకుంది. తర్వాత మెల్లగా నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, పళ్లు ఏవి?"

"తీసేసిన బిడ్డా. ఇగ అవి నిన్ను పడెయ్యవు."

ఆ పిల్ల ఏడవలేదు. నోరు తెరుచుకుని నన్నే చూసింది. వాళ్లమ్మ పరిగెత్తుకొచ్చి బ్లేడు చూసి అక్కడే బెంచీ మీద కూలబడింది. అప్పుడే సత్యనారాయణ గారు మీటింగ్ నుంచి వచ్చారు.

"ఓరి దేవుడోయ్! ఏం పని చేశావయ్యా గంగాధర్! అవి ఎందుకున్నాయనుకున్నావ్?"

"పడేస్తున్నయి గదా సార్?"

"నేర్చుకునేటప్పుడు పడేస్తాయి! నేర్చుకున్నాక గాల్లోకి లేపేవి కూడా అవే! అవి మంచులో గుచ్చితేగానీ సగం ఎగురుళ్లు ఎగరలేరయ్యా బాబూ!"

నా కాళ్ల కింద మంచు లేదు, అయినా జారాను. "మళ్ల పెడ్త సార్. మా పాత దోస్తులున్నరు, వెల్డింగ్ కొడ్తరు. అరగంట పని."

ఆ 'వెల్డింగ్' అన్న మాట వాళ్లమ్మకు అర్థమైంది. స్కేట్లు రెండూ గుండెకు హత్తుకుని నాకు పది అడుగుల దూరం జరిగింది. కొత్త బ్లేడ్లు చైనా నుంచి రావడానికి పది రోజులు. వేరే జత వేసుకుందామంటే, కొత్త బూటు కాలికి అలవాటు కావడానికే వారాలు పడుతుందట. పోటీకి ఉన్నది రెండే రోజులు.

ఆ రెండు రోజులూ నాకు అన్నం దిగలేదు. కొస గుచ్చకుండా, బ్లేడు పక్క అంచు మీద ఒరిగి ఎగిరేవి కూడా కొన్ని ఉంటాయట. వాళ్లమ్మ పాత ఎగురుళ్ల వరసంతా తీసేసి వాటితోనే కొత్త వరస కట్టింది. పిల్ల పొద్దునా సాయంత్రం అదే సాధన. పిల్ల పడ్డ ప్రతిసారీ నేను కౌంటర్ వెనక కళ్లు మూసుకునేవాణ్ని.

శుక్రవారం అయిదుగురు పిల్లలు పోటీలో ఉన్నారు. లిన్ పేరు పిలవగానే నేను కొండగట్టు అంజన్నను పట్టుకున్నాను. "అంజన్నా, నువ్వు సముద్రమే దుంకినవు. ఈ పిల్లను ఒక్క గజమెత్తు లేపు తండ్రీ!"

లేపాడు, మూడుసార్లు. దించడమే ఒక్కసారికి సరిపెట్టాడు. రెండుసార్లు పడిన లిన్‌కు అయిదో స్థానం వచ్చింది. ఆరో పిల్ల లేదు కాబట్టి అయిదు.

వీడియో వెళ్లింది. శిక్షణ బడివాళ్లు ఈ ఏడు వద్దు, వచ్చే ఏడు చూస్తామన్నారు. నా పది నిమిషాల పనితనానికి ఆ పిల్లకు ఏడాది పోయింది. మాఫ్ చెయ్యమని చేతులు జోడిస్తే లిన్, "మాఫీ ముష్కిల్ అంకుల్," అని నవ్వింది. అరబ్బీలో ఆ మాటకు ఏం ఫరవాలేదని అర్థం. తిట్టినా బాగుండేది. ఆ నవ్వుకు నేను స్కేట్ల గదిలోకి పోయి ఏడ్చాను. మరుసటేడు ఆ కుటుంబం చైనా వెళ్లిపోయింది.

మూడేళ్లు గడిచాయి. ఒక సెలవు రోజు మా రూములో మల్లేశ్ ఫోన్ పట్టుకుని గంతులేశాడు. "అన్నా, నీ చైనా పొల్ల! పెద్ద పోటీల మూడో నంబరచ్చింది!" ఎనిమిదిమందిమీ ఒక్క ఫోన్ మీద పడ్డాం. లిన్ ఎదిగింది. మెడలో పతకం. ఎవరో ప్రశ్నలు అడుగుతున్నారు. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తుంటే ఇంటర్ చదివిన మల్లేశ్ చదివి చెబుతున్నాడు.

"పక్క అంచు మీద ఎగురుడు గింత మంచిగ ఎట్లచ్చిందని అడుగుతున్నరన్నా. ఖతార్‌ల నేర్చుకున్న అంటున్నది!"

రూమంతా నా వీపు చరిచింది. నేను కూడా సగం కోచ్‌లా ఛాతీ విరిచాను.

"ఆగుండ్రి, ఇంకున్నది. పోటీకి ముంగట నీ అలవాటేందని అడుగుతున్నరు. 'నా స్కేట్లు ఎవ్వలకూ ఇయ్య. బాత్రూంకు పోయినా ఎంబడే తీస్కపోత. ఖతార్‌ల ఒక అంకుల్ ఉండె, మస్తు మంచోడు. నేను పడుడు ఆయనకు ఇష్టం లేకుండె' అంటున్నది."

ఎనిమిది మంచాల గదిలో ఏడుగురూ నా మొహం చూశారు. తర్వాత నవ్వారు. ఇప్పటికీ ఆపలేదు.

అందుకే అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. దువ్వెనగానీ, రంపంగానీ, కొడవలిగానీ, పళ్లున్న దేన్నీ ఈ జన్మలో నున్నగా చెయ్యను. ఎవరైనా పడుతుంటే చూస్తూ నిలబడతాను. ప్రస్తుతం నా చివరి దవడ పన్ను ప్రాణం తోడేస్తోంది. తీసేద్దామని డాక్టరు అంటున్నాడు. వద్దన్నాను. అది ఎందుకుందో నాకింకా తెలియదు కదా!