వాళ్ళ పొయ్యి మీద మా పాలు

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. దుబాయ్ వెళ్ళిన కొత్తలో నేను కథల పుస్తకాలకన్నా ఇష్టంగా చదివినవి ఇళ్ళ అమ్మకం ప్రకటనలు. శుక్రవారం పేపరు రాగానే మా ఆయన క్రికెట్ పేజీ తీసుకునేవాడు. ఆయన స్నానానికి వెళ్ళాక నేను చిన్న అక్షరాల పేజీలు మంచం మీద పరుచుకునేదాన్ని. ఒక్కో ప్రకటన రెండు మూడు వరుసలే. మధ్య అంతస్తు, వంటగదికి కిటికీ, బాల్కనీలోంచి పార్కు కనిపిస్తుంది. ఆ ఇంట్లో ఎవరున్నారో, ఎందుకు అమ్ముకుంటున్నారో, ఆ కిటికీ దగ్గర నిలబడి ఎవరు కూరలు తరుగుతారో మిగతాదంతా నేనే అల్లుకునేదాన్ని. ఎం.ఏ. చదివిన పిల్ల చదివేది ఇవా అని నవ్వుతారని, ఆయన బయటికి వచ్చేలోపు పేజీలు మడిచి పెట్టేసేదాన్ని.

మేము ఉండేది షార్జాలో, అల్ నహ్దాలో. రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఒక గది మాది. మిగతాదంతా ఒక నెల్లూరు కుటుంబానిది, అగ్రిమెంటు కూడా వాళ్ళ పేరు మీదే. గది మాకు ఇచ్చిన సంగతి ఇంటి ఓనరుకు తెలియకూడదు. వాళ్ళు మంచివాళ్ళే, పండగకు సేమ్యా పంపేవాళ్ళు. ఒక్కటే షరతు: వాళ్ళు ఇంట్లో లేనప్పుడు బెల్ మోగితే నేను తలుపు తీయకూడదు. మా ఆయన జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోదాముల కంపెనీ ఆఫీసులో పనిచేసేవాడు. చీకటితో కంపెనీ బస్సు ఎక్కితే చీకటి పడ్డాకే దిగేవాడు. మధ్యలో ఉన్న పగలంతా నాది, ఆ తలుపుది. బెల్ మోగితే టీవీ గొంతు నొక్కేసి, చెప్పులు విడిచి, అది ఆగిపోయేదాకా గది మధ్యలో నిలబడేదాన్ని. గ్యాస్ బండవాడే కావచ్చు, పక్కింటావిడే కావచ్చు. అయినా నా ఊపిరి నాకే పెద్దగా వినిపించేది.

సొంత ఇల్లు కావాలని నాకు అనిపించింది అందుకే. బెల్ మోగితే వెళ్ళి తలుపు తీసి "ఎవరండీ?" అనాలి. అంతకన్నా పెద్ద కోరికేం లేదు.

రెండువేల ఎనిమిది చివరికొచ్చేసరికి ఆ ప్రకటనల మాటతీరు మారింది. అంతకుముందు, కొన్న ధర మీద ఎంత ఎక్కువ కావాలో గొప్పగా వేసుకునేవాళ్ళు. ఇప్పుడు 'కొన్న ధర కన్నా తక్కువకే', 'యజమాని దేశం వదిలి వెళ్తున్నారు', 'వెంటనే అమ్మబడును'. కొన్నిటి చివర 'బ్యాంకు అనుమతికి లోబడి' అని ఒక ముక్క. ఇల్లు ఒకరిది, కొనేది ఇంకొకరు, మధ్యలో ఈ బ్యాంకు అనుమతి ఏమిటో నాకు అర్థం కాలేదు. మా ఆయన్ని అడిగితే "అది ఊకె రాస్తరు, ఫార్మాలిటీ" అన్నాడు.

అలాంటి ముక్క ఉన్న ప్రకటననే ఒక శుక్రవారం ధైర్యం చేసి ఆయనకు చూపించాను. ఒక గది, హాలు, దుబాయ్ అంచున కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో. మేము దాచుకున్నదానికి, ఊళ్ళో మామయ్యగారు సర్దుతానన్నదానికి అందేలా ఉంది. ఆయన ఫోన్ చేశాడు. హిందీలో మొదలైన మాట రెండో వాక్యానికే తెలుగులోకి దిగింది. ఫోన్ పెట్టేసేసరికి మా ఆయన ముఖం విప్పారింది.

"గోదావరి దిక్కోళ్ళట. మనోళ్లే! ఇగ ఫికర్ లేదు."

వెళ్ళి చూశాం. ఇంటాయన ఒక కట్టడాల కంపెనీలో ఇంజనీరు. ఆ కంపెనీ ఆఫీసులో ఒక అంతస్తు ఉద్యోగులందరినీ ఒక్కసారే ఖలాస్ అని తీసేసిందట, అందులో ఇతనూ ఉన్నాడు. మగవాళ్ళు హాల్లో కూర్చుని ఎవరి ఊరికి ఎవరి ఊరు ఎంత దూరమో తేల్చుకుంటుంటే, ఆయన భార్య నన్ను వంటగదిలోకి తీసుకెళ్ళింది. నాకన్నా పదేళ్ళు పెద్దది. కాసేపటికే అక్కా అని పిలిచాను, నాకే ఆశ్చర్యం వేసింది.

"ఏంటమ్మాయ్, నోట్లో ముత్యాలున్నాయా? మాట్లాడితే రాలిపోతాయా?" అంది టీ గ్లాసు చేతికిస్తూ.

నేను నవ్వి, చాలాసేపటిగా నోట్లోనే ఉన్న ప్రశ్న అడిగాను. "అక్కా, బ్యాంకు అనుమతి అని రాసిన్రు. అంటే ఏంది?"

ఆమె నా వైపు కాస్త శ్రద్ధగా చూసింది. "ఇప్పటిదాకా చూడ్డానికి వచ్చినోళ్ళెవరూ అది అడగలేదు. ఏవీ లేదమ్మా. రేట్లు బాగున్నప్పుడు అప్పు చేసి కొన్నాం. ఇప్పుడు రేట్లు పడిపోయాయి. మీరిచ్చేదంతా తీసుకెళ్ళి బ్యాంకోడి చేతిలో పోసినా మా అప్పు తీరదు. ఆ తగ్గింది వాడు వదులుకుంటాను అంటేనే ఇల్లు మీ పేరున మారుద్ది. లేపోతే మారదు."

"వదులుకుంటడా?"

"అడిగాం. చూస్తాం అన్నాడు."

మూడు వరుసల ప్రకటనలో నేను అల్లుకోలేకపోయిన కథ అదే. ఇంటికి వచ్చే దారిలో అదంతా మా ఆయనకు చెప్పాను. ఆయన "చూస్తాం అన్నరంటే అయినట్టే" అన్నాడు. నేనూ నమ్మాను. వంటగదికి కిటికీ ఉంది మరి.

తరవాత జరిగింది తలచుకుంటే మనవాళ్ళు తప్ప ఇంకెవరూ అలా చేయరనిపిస్తుంది. మా అత్తయ్య ఫోన్‌లో, "ధనుర్మాసం వస్తున్నది, ఆ నెలంత మంచి రోజులుండయి. ముందే పాలు పొంగియ్యిన్రి, సామాను ఎన్కసీరి తెచ్చుకోవచ్చు" అంది. కాగితం ఇంకా రాలేదని నేను గొణిగితే, "కాగితం ఎప్పుడొస్తే ఏంది, ముహూర్తం ఆగుతదా?" అంది. మా ఆయన మొహమాటపడుతూ ఇంజనీరుగారికి ఫోన్ చేశాడు. ఆయన వెంటనే, "అయ్యో దానికేం తమ్ముడూ, మీ ఇల్లే కదా, వచ్చెయ్యండి" అన్నాడు. ఒక తెల్లవాడో అరబ్బో అయితే ఇదేం పద్ధతని అడిగేవాడు. తెలుగువాళ్ళం కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు.

వాళ్ళు కాపురం చేస్తున్న ఇంట్లో, వాళ్ళ పొయ్యి మీద, మేము కొత్త గిన్నె పెట్టాం. పక్క పొయ్యి మీద అక్క పప్పు కుక్కరు. దేవుడి అరలో తన పటాలను ఒక పక్కకు జరిపి మా పటానికి చోటిచ్చింది.

"కాస్త సర్దుకుంటార్లే. మనలాగా వాళ్ళకి వీసా గొడవ లేదుగా" అంది.

అందరం నవ్వాం. పాలు నిండుగా పొంగి మంట మీద పడ్డాయి, అదే క్షణాన కుక్కరు కూత వేసింది. అక్క నాకు బొట్టు పెట్టింది. వంగి కాళ్ళకు దండం పెడుతుంటే, ఈవిడ రేపు ఎక్కడ వండుకుంటుంది అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది. ఎవరింటి పాలో తెలియకుండా పరమాన్నం తిన్నాం.

బ్యాంకు ఒప్పుకోలేదు. తగ్గిన మొత్తాన్ని అమ్మేవాళ్ళే కట్టి తీరాలని చెప్పింది. ఆ కబురు ఇంజనీరుగారు ఫోన్‌లో చెప్పలేదు. ఒకసారి రమ్మన్నాడు, అంతే.

మేము వెళ్ళేసరికి పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు పిలుపు వినిపిస్తోంది. హాల్లో సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. ఇంజనీరుగారు మా ఆయన పక్కనే కూర్చుని, గొంతు తగ్గించి, బ్యాంకు మాట చెప్పి, వెంటనే ఇంకో దారి చెప్పాడు.

"మన మనుషులని చెప్తున్నా తమ్ముడూ. నీ దగ్గర చేతిలో ఎంతుంటే అంతివ్వు. తాళాలు తీసుకో. మేం ఫ్లైటెక్కేస్తాం. ఎంతమంది పోవట్లేదు? కార్లే ఎయిర్‌పోర్టులో వదిలేసి పోతున్నారు."

"మరి కాగితాలు, అన్నా?"

"పవరాఫ్ అటార్నీ రాసిస్తా. రెండేళ్ళాగితే రేట్లు లేస్తాయి, అప్పుడు బ్యాంకోడే నీతో మాట్లాడతాడు. పాలు కూడా పొంగించేశారు, ఇంకేంటి?"

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆయనకు ఒప్పుకోవాలని ఉంది. నాకూ ఉంది. కిటికీ అవతల పార్కులో దీపాలు వెలిగాయి. అక్క గోడకు ఆనుకుని, ఎవరి వైపూ చూడకుండా నిలబడి ఉంది.

మగవాళ్ళు మాట్లాడుతుండగా నేనెప్పుడూ కల్పించుకున్నది లేదు. ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అన్నా, అప్పుడు ఇల్లు ఎవరి పేరు మీద ఉంటది?"

"పేరుదేముందమ్మా, ఉండేది మీరేగా."

"మరి బ్యాంకోళ్ళు వచ్చి బెల్ కొడితే? ఈయన జెబెల్ అలీల ఉంటడు. పొద్దంత ఇంట్ల ఉండేది నేనే. నేను ఎవరినని చెప్పాలె?"

మా ఆయన "నువ్వు ఊకో" అనలేదు. అనే మనిషే, కానీ అనలేదు. తలుపు వెనక చెప్పులు విడిచి నిలబడే పగళ్ళ గురించి ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. అయినా ఎక్కడో అర్థమైనట్టుంది.

"వద్దు" అన్నాను. "మాకొద్దన్నా. ఇప్పుడున్న గదిల గూడ బెల్ మోగితే తలుపు తియ్యకుంట దాక్కునే ఉంటున్న. అట్ల ఉండనీకె ఇంత డబ్బెందుకు?"

ఇంజనీరుగారు రెండు చేతులతో ముఖం తుడుచుకుని, సరేనన్నట్టు తల ఊపాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది.

తరవాత వాళ్ళని మేము చూడలేదు. అక్క ముందుగా ఊరికి వెళ్ళిందని, ఆయన ఉండిపోయి చిన్న ఉద్యోగమేదో వెతుక్కుని, బ్యాంకు చుట్టూ తిరిగి వాయిదాలకు ఒప్పించుకున్నాడని మా ఆయన ఎక్కడో విన్నాడు. మేము అల్ నహ్దా గదిలోనే ఉన్నాం. కోల్పోయింది మా ఇల్లా, వాళ్ళ ఇల్లా, ఇంకా ఎవరిదీ కాని ఇల్లా అని డైరీలో చాలాసార్లు రాసి కొట్టేశాను.

వద్దని చెప్పిన ఆ సాయంత్రం మా ఆయన, స్నేహితుడిని అడిగి తెచ్చిన కారును పార్కింగ్ దొరక్క ఎక్కడో దూరంగా పెట్టి వచ్చాడు. మేము బయల్దేరేటప్పుడు దాన్ని తేవడానికి నాకన్నా ముందే కిందికి దిగిపోయాడు. అక్క నాతో లిఫ్టులో కిందికి వచ్చింది. నేను క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊరుకో. వారం నుంచీ ఆ సూట్‌కేసులు ఆయన సర్దుతుంటే నేను తీస్తున్నాను. దొంగల్లా పోవద్దండీ అంటే విన్నాడా? నువ్వన్నాక విన్నాడు." లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. నా భుజం మీద చిన్నగా తట్టింది. "ఈసారి ఇల్లు చూడ్డానికెళ్తే నువ్వే మాట్లాడు. మగాళ్ళని పార్కింగ్ వెతుక్కుంటూ ఉండమను."