భేడీ గట్టు మీద దుర్భిణి

1984 నవంబరులో నన్ను కలకత్తా తూర్పు శివార్ల మురుగు కాలువల మీద సబ్ అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ఇంజనీర్లలో అది అట్టడుగు మెట్టు. నగరంలోని మురుగునీరూ వాననీరూ ఆ కాలువల్లో తూర్పుగా పోయి, ఆటుపోట్లు ఉండే ఏట్లో కలుస్తాయి. పోటు వేళకు తూము తలుపులు దించకపోతే ఏటినీరు వెనక్కి తన్నుకొస్తుంది. అందుకని కాలువలో పాతిన గీతల పలక మీద నీటిమట్టం ఎప్పటికప్పుడు చూసి రాయాలి. దాన్నే గేజి తీయడం అంటాం. గేజి మనిషి తీసిన లెక్కను అప్పుడప్పుడూ స్వయంగా వెళ్లి సరిచూడటం నా బాధ్యత.

ఆ పని నాకు నచ్చడానికి వేరే కారణం ఉంది. కాలువకు రెండు వైపులా భేడీలు. భేడీ అంటే మురుగునీటిని మళ్లించి చేపలు పెంచే పెద్ద చెరువు. చలికాలంలో వాటి మీద ఎక్కడెక్కడి పక్షులో దిగేవి. నాకప్పుడు పాతికేళ్లు, పక్షుల పిచ్చి. పక్షులు చూసేవాళ్లు లైఫ్ లిస్ట్ అని ఒకటి రాసుకుంటారు. తన కళ్లతో చూసి, ఫలానాదని తేల్చుకున్న ప్రతి జాతికీ అందులో ఒకసారి చోటు దొరుకుతుంది. ఎవరో చూసి చెప్పినది పనికిరాదు, అనుమానం మిగిలినదీ పనికిరాదు. నా జాబితా నూట యాభైకి దగ్గరపడింది. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో కూలికి చేరినవాడు. నేను చదివింది బెంగాలీ బడిలో. అమ్మ నేర్పిన అక్షరాలు చెయ్యి జారిపోకుండా ఆ జాబితా మాత్రం తెలుగులో రాసేవాణ్ణి.

ఆ ఏడు భేడీల దగ్గర పరిస్థితి బాగాలేదు. ఒక పెద్ద భేడీని ఎవరు నడపాలన్నదాని మీద రెండు వర్గాలు కొట్టుకుంటున్నాయి. పొద్దున ఒక జెండా ఉన్న గట్టు మీద సాయంత్రానికి ఇంకో జెండా కనిపించేది. డిసెంబరులో మా తూము కమ్మీలకు ఒక శవం అడ్డుపడింది. గొంతు కోసి ఉంది. దాన్ని బయటకు తీసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ తరువాత మా అసిస్టెంట్ ఇంజనీరు అందరినీ పిలిచి, గేజి చూసుకుని వెంటనే వచ్చేయమనీ, దారిలో ఎక్కడా నిలబడవద్దనీ చెప్పాడు. కాగితం మీద మాత్రం ఏమీ పెట్టలేదు.

జనవరిలో ఒక పొద్దున గేజి చూసి తిరిగొస్తుంటే మంచు కాస్త విడింది. అవతలి గట్టున వెదురు గడ మీద ఒక పెద్ద గద్ద కూర్చుని ఉంది. ముదురు గోధుమ రంగు, పొట్టి తోక. చలిదేశాల నుంచి వచ్చే చుక్కల గద్ద అయివుండాలి. నా జాబితాలో అది లేదు. రెక్కల మీది తెల్ల చుక్కలు కనిపిస్తే తేలిపోతుంది. దుర్భిణి తీసి కళ్లకు పెట్టుకున్నాను. ఆ గడ వెనకే ఒక వర్గం వాళ్ల కాపలా గుడిసె ఉంది. గద్ద తప్ప నాకు మరేమీ కనబడలేదు.

వెనక నుంచి నా మెడ మీద చెయ్యి పడింది. ముగ్గురు. ఇద్దరి దగ్గర లాఠీలు, ఒకడి దగ్గర పొడవాటి కత్తి. ఒక్క మాటైనా అడగకుండా గట్టు మీదుగా నడిపించుకుపోయారు. చేపల బుట్టలు వేసుకుని సైకిల్ వ్యాన్లు ఎదురొచ్చాయి. తొక్కేవాళ్లలో ఒక్కడూ తలెత్తలేదు. అది చూశాకే ఎంత ప్రమాదంలో పడ్డానో అర్థమైంది.

గుడిసెలో నిమాయి అనే నడివయసు మనిషి ఉన్నాడు. కాపలాదార్లకు పెద్ద. గొంతు పెంచకుండా మాట్లాడేవాడు. ఎవరు పంపారని అడిగాడు. మా విభాగం పేరు చెప్పాను. అది వినగానే అతని ముఖం ఇంకా బిగుసుకుంది. అవతలి వర్గం చెప్పినప్పుడల్లా తూము మూసి తమ నీళ్లు ఆపుతున్నది మా విభాగమేనట. నా గుర్తింపు కార్డు ఆఫీసులో ఉండిపోయింది. సంచి దులిపితే జాబితా పుస్తకం కింద పడింది.

నిమాయి అందులో పేజీలు తిప్పాడు. అతనికి బెంగాలీ, కాస్త ఇంగ్లీషు వచ్చు. ఈ లిపి ఏమిటో తెలియలేదు. వరుసగా పేర్లు, పక్కన తేదీలు, చోట్లు.

"గుడిసెలు ఎక్కడున్నాయో, ఎవరు ఎప్పుడు కాపలా ఉంటారో రాసుకున్నావు. అవునా?"

"పక్షుల పేర్లు దాదా. మా భాషలో రాసుకున్నాను."

కత్తి పట్టుకున్నవాడు నవ్వాడు. నాకు తూము దగ్గర తీసిన శవం కళ్లముందు కదిలింది. తరువాత నేనేం చెప్పినా నిమాయి నమ్మలేదు.

భేడీలో గుర్రపుడెక్క ఏరే కూలీల్లో ఒక మద్రాసీ ఆడమనిషి ఉందని ఎవరో అన్నారు. అక్కడ దక్షిణాది వాళ్లంతా మద్రాసీలే. నిమాయి ఆమెను పిలిపించాడు. మోకాళ్ల దాకా బురదతో వచ్చి వాకిట్లో నిలబడింది. ఆమె పైడమ్మ. భర్త నగరంలో వీధులూడ్చే మునిసిపల్ కార్మికుడు. కాపురం ధాపా చెత్తదిబ్బల పక్క బస్తీలో. గట్టు మీద ఎదురైనప్పుడల్లా "ఏటి బాబూ, ఇయ్యాలేటి పిట్ట?" అని పలకరించేది. అంతకుమించి మా మధ్య పరిచయం లేదు.

ఇవన్నీ పక్షుల పేర్లని ఇతను అంటున్నాడు, చదివి బెంగాలీలో చెప్పు అని నిమాయి పుస్తకం ఆమె చేతికిచ్చాడు. నన్ను నోరెత్తవద్దన్నాడు. ఆమె చేతులు పైటకు తుడుచుకుని పుస్తకం అందుకుంది. నిమాయి పేజీలో మొదటి పంక్తి మీద వేలు పెట్టాడు.

"నీటికాకి. మీ పాన్‌కౌడి," అంది.

ఆ పంక్తిలో ఉన్నది బుడబుంగ. ఆమెకు చదవడం రాదని అప్పుడు తెలిసింది. ఇద్దరం కలిసి అబద్ధమాడుతున్నామని తేలితే ఆమెకూ నా గతే పడుతుంది. ఆపమని చెప్పాలనిపించింది. చెప్తే అంతా అక్కడితో అయిపోతుంది. ఆమె పంక్తి తరువాత పంక్తి చెప్పుకుంటూ పోయింది. కొంగ, లకుముకిపిట్ట, గద్ద, బాతు... ఒక్కోదానికి బెంగాలీ పేరు, ఆ పేరు తెలియనిదానికి చేత్తో ఎగరడం చూపించింది. తడబడలేదు. అంకెలున్న చోట అవి తేదీలంది.

నిమాయి ఉన్నట్టుండి వేలు మళ్లీ మొదటి పంక్తి మీద పెట్టాడు.

"ఇదేమిటన్నావు?"

"పాన్‌కౌడి," అంది పైడమ్మ. ఆ వెంటనే బెంగాలీలోనే, "ఇంతకు ముందే చెప్పాను కదా దాదా, పనికి పోవాలి, మేస్త్రీ కూలి కోస్తాడు," అని విసుక్కుంది.

ఆ విసుగే నన్ను కాపాడిందని నా నమ్మకం. నిమాయి పుస్తకం నా ఒళ్లోకి విసిరేశాడు. దుర్భిణి ఉంచేసుకున్నాడు. మళ్లీ ఈ గట్టు మీద కనబడితే అడగడాలు ఉండవన్నాడు.

బయటకు వచ్చాక ఆమె నాకు కొన్ని అడుగుల ముందు నడిచింది. కాలువ మలుపు దాటాక నేను పిలిస్తే ఆగింది.

"పైడమ్మా, అందులో ఏముందో నీకు..."

"నాకు సదువెక్కడిది బాబూ. పిట్టలని ఆడే సెప్పినాడు గదా. తెలిసిన పిట్టలన్నీ సెప్పేసినాను." అటూ ఇటూ చూసి, "మా ఆయనకి సెప్పకండి. సెప్తే నన్ను పనికి పంపడు," అంది.

వారం తిరగకుండా ఆ గుడిసె తగలబడింది. అవతలి వర్గం పట్టపగలే వచ్చిందట. నిమాయి ప్రాణాలతో బయటపడ్డాడు గానీ అతని మనుషుల్లో ఒకడు పోయాడు. ఆ మాట ఆఫీసులో విన్నాను. నన్ను వదిలిన కొద్ది రోజులకే దాడి జరిగింది. నేను చూసి వెళ్లి చెప్పాననే నిమాయి మనుషులు అనుకుంటారు. నా కోసం పుస్తకం చదివినది ఎవరో వాళ్లకు తెలుసు.

ధాపా బస్తీకి వెళ్లాను. పైడమ్మ ఇంట్లోనే ఉంది. భేడీ వాళ్లు పనిలోకి రావద్దన్నారట. చెప్పినవాడు ఇంకేమైనా అన్నాడా అని అడిగాను. సందు చివరి దాకా చూసి, తలుపు సగం మూసి మాట్లాడింది.

"మీరు రాకండి బాబూ. మీరొస్తే అందరూ సూస్తారు. సూసినోళ్లు ఊరుకోరు."

వేరే చోట కూలి పని చూపిస్తానన్నాను. వద్దంది. నెల తిరిగేసరికి ఆ కుటుంబం హౌరా వైపు చుట్టాల దగ్గరికి వెళ్లిపోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. అడ్రసు వాళ్లకూ తెలియదు. తెలిసినా నాకు చెప్పేవారు కాదేమో. నేను బదిలీ అడిగి పంపింగ్ స్టేషనుకు మారాను. చాలా కాలం వరకు వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే ఆగి, ఆ మనిషి నన్ను దాటిపోయే దాకా గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణి. పక్షులు చూడటం మళ్లీ మొదలుపెట్టడానికి కొన్నేళ్లు పట్టింది.

ఉద్యోగంలో ఆ తరువాత చాలాచోట్ల సర్వేలు చేశాను. ఎక్కడికి వెళ్లినా ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రాన్ని స్టాండు మీద పెట్టకముందే అక్కడి మనుషుల దగ్గరికి వెళ్లి, నేనెవరినో, ఏం చూడబోతున్నానో చెప్పేవాణ్ణి. కార్డు జేబులో పెట్టుకునేవాణ్ణి, చూసినది వాళ్లు చదవగల భాషలో రాసేవాణ్ణి. నా కింద చేరినవాళ్లకూ ఈ పద్ధతే నేర్పాను. కొందరు దీన్ని మర్యాద అనుకున్నారు. నేను చెప్పింది మర్యాద గురించి కాదు. మన తరఫున నోరు విప్పాల్సిన అవసరం అక్కడి మనిషికి రానివ్వకూడదు. మనం పని ముగించుకుని వెళ్లిపోతాం. ఆ మనిషి అక్కడే ఉండాలి.